నీళ్ళు తాగిన లైట్లు

ముందు అడగాల్సిన మాట

"లైటులోకి నీళ్ళు పోయాయండీ" అని ఎవరైనా మన వర్క్‌షాపుకు ఫోన్ చేస్తే, ఎలా పోయాయని అడగకండి. అది తెలిస్తే వాళ్ళు మనకు ఫోన్ చేయరు. "ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టారు?" అని అడగండి. చాలామంది వంటింటి బల్ల మీద అంటారు. కొందరు ఇంకా తెలివిగా, హీటర్ మీద ఆరబెట్టామంటారు. అలాంటివాళ్ళ మీద కేకలేయడానికి మీకు నా అనుమతి ఉంది.

నీళ్ళ అడుగున తిరిగేవాళ్ళు చేత పట్టుకునే లైటు చూడటానికి మామూలు టార్చిలాగే ఉంటుంది. కానీ లోపల బలమైన లిథియం బ్యాటరీ, చుట్టూ గాలి కూడా చొరబడని లోహపు డబ్బా. అందులోకి నీళ్ళు చేరితే బ్యాటరీ గ్యాసు కక్కుతుంది. నీళ్ళు వచ్చిన దారినే గ్యాసు కూడా పోతుందిలే అనుకుంటాం. పోదు. లోపలే ఒత్తిడి పెరుగుతూ కూర్చుంటుంది. ఆవిరి దిగని కుక్కర్ మూతను బలవంతంగా లాగితే ఏమవుతుందో మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

నాకు మాత్రం చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో, నీళ్ళు పోయిన లైటు ఒకటి ఒళ్ళో పెట్టుకుని మూత తిప్పాను. అప్పటి బ్యాటరీలు వేరే రకం, బుద్ధి మాత్రం ఇదే. మూత నా చెవి పక్కనుంచి దూసుకుపోయి, పైన ట్యూబులైటు పగలగొట్టి, సీలింగులో సొట్ట పెట్టి కింద పడింది. మా యజమాని ఫోక్ట్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముందు సీలింగును చూశాడు, తర్వాత నన్ను.

"ముఖం ఉందా?" అన్నాడు.

"ఉంది."

"అయితే గాజు ముక్కలు ఊడ్చెయ్."

నాకు దొరికిన భద్రతా శిక్షణ మొత్తం అంతే. మీకు కాస్త ఎక్కువే ఇస్తాను. అలాంటి లైటును ఆరుబయట, కళ్ళద్దాలు పెట్టుకుని, మూత గోడవైపు తిప్పి, ఒక్కొక్క మర చొప్పున వదులు చేయండి. డబ్బా వేడిగా ఉన్నా, ఉబ్బినట్టున్నా అసలు తెరవకండి. ఇంటికి దూరంగా ఇసుక బకెట్‌లో పెట్టి, ధైర్యం ప్రదర్శించాలన్న కోరిక ఉంటే వేరే చోట తీర్చుకోండి.

ఈత రాని మనిషి

నా పేరు పద్మ. మాది కరీంనగర్. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక జర్మనీలోని కార్ల్స్‌రూహెకు వచ్చాను. ట్రామ్ ఆఖరి స్టాపు దగ్గర, డైవింగ్ లైట్లు తయారుచేసి బాగుచేసే నలుగురి వర్క్‌షాపులో, సన్నగా టంకం వేయగలిగిన మనిషి కావాలని తెలిసి వెళ్ళాను.

"డైవింగ్ వచ్చా?" అని అడిగాడు ఫోక్ట్.

"ఈతే రాదు."

"మంచిది. నీకు ముందున్నవాడు లైట్లు పరీక్షిస్తానని శుక్రవారం చెరువుకు పోయి సోమవారం వచ్చేవాడు."

అలా చేరి, రిటైరయ్యేదాకా ముప్ఫై ఏళ్ళకు పైగా అక్కడే ఉన్నాను. నీళ్ళలో దిగినవాళ్ళంతా నాకంటే గొప్పవాళ్ళన్న భ్రమ మొదటి ఏడాదిలోనే పోయింది. ఎర్ర సముద్రంలో సొరచేపను ముట్టుకుని వచ్చిన మనిషి, లైటు మూత వంకరగా బిగించి పంపేవాడు.

ఈ వృత్తి మొత్తం ఒక రబ్బరు గాజు చుట్టూ తిరుగుతుంది. దాన్ని ఓ-రింగ్ అంటారు. మూతకున్న గాడిలో కూర్చుని, మూత బిగిసినప్పుడు నలిగి, నీళ్ళకు దారి మూసేస్తుంది. ఒక ఇసుక రేణువు, తువ్వాలు పోగు, వెంట్రుక, ఏదైనా దాని కింద అడ్డంగా పడితే నీళ్ళకు అది చాలు. గ్రీజు నీళ్ళను ఆపుతుందని చాలామంది నమ్మకం. ఆపదు. రింగు మెలికపడకుండా జారి కూర్చోవడానికే గ్రీజు. వేలికి అంటీ అంటనట్టు రాయాలి. ముద్దపప్పులో నెయ్యి పోసినట్టు పోస్తే, చుట్టుపక్కల ఇసుకంతా వచ్చి అందులో కాపురం పెడుతుంది. రింగును గాడిలోంచి తీయడానికి సూదులూ స్క్రూడ్రైవర్లూ వాడకండి, పాత ప్లాస్టిక్ కార్డు మూల చాలు.

ఇంకొక మాట. "ముప్ఫై మీటర్లు పోయాను, ఆ లోతుకే కారింది" అని గర్వంగా చెప్పేవాళ్ళను నమ్మకండి. లోతుకు పోయేకొద్దీ నీటి బరువు రింగును ఇంకా గట్టిగా నొక్కుతుంది. కారేవి చాలావరకు మొదటి రెండు మూడు మీటర్లలోనే కారడం మొదలుపెడతాయి, మనిషి చూసుకునేది తర్వాత. అందుకే బ్యాటరీ తీసేసి, మూత బిగించి, గోరువెచ్చని నీళ్ళ బకెట్‌లో ముంచి చూడండి. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, సందుంటే బుడగ వదులుతుంది.

లైటు మాకు వచ్చినప్పుడు కారణం కార్డు మీద వేయాలి. దానికో రబ్బరు స్టాంపు ఉండేది: "బెడీనుంగ్స్‌ఫేలర్". అంటే వాడినవాడి తప్పు. నా హయాంలోనే అది అరిగిపోయి రెండుసార్లు కొత్తది చేయించాం. మా తప్పుకు స్టాంపు లేదు. ఎందుకు లేదని నేనూ ఎప్పుడూ అడగలేదు. న్యాయంగా చెప్పాలంటే ఎక్కువసార్లు తప్పు నిజంగా వాళ్ళదే. ఎక్కువసార్లు మనమే ఒప్పు కావడం ఈ వృత్తిలో పెద్ద జబ్బు. మిగతా కొన్నిసార్లు చూడాలన్న అలవాటు చచ్చిపోతుంది.

దేవుడిచ్చిన రెండు చెవులు

కరోనా వచ్చిన వసంతంలో వర్క్‌షాపు దాదాపు మూతపడింది. కుర్త్సార్బైట్ అన్నారు, అంటే సగం పని, జీతంలో కొంత ప్రభుత్వం ఇస్తుంది. విమానాలు లేవు, సముద్రాలు లేవు, లైట్లూ లేవు. ఫోక్ట్ రోజూ వచ్చి ఖాళీ బల్లలు తుడిచి వెళ్ళేవాడు.

ఎండాకాలం వచ్చేసరికి కథ తిరగబడింది. ఈజిప్టు పోలేనివాళ్ళంతా ఊరి చుట్టూ కంకర తవ్విన గుంటల్లో ఊరిన చెరువుల మీద పడ్డారు. కెల్లర్‌లో, అంటే ఇంటి కింది గదిలో, ఏళ్ళ తరబడి బ్యాటరీతో సహా పడుకున్న లైట్లను దులిపి, నేరుగా నీళ్ళలో ముంచారు. పార్సిళ్ళు గుట్టలు పడ్డాయి. ఒకాయన పంపిన లైటు తెరిస్తే చిన్న చేపపిల్ల కూడా వచ్చింది. వెంట చీటీ: "అల్మారాలో ఉన్నంతకాలం బాగానే ఉంది."

నిబంధనల ప్రకారం గదికి ఒక్కరే ఉండాలి. బల్ల దగ్గర నేనొక్కదాన్నే. మూతికి మాస్కు, కళ్ళకు అద్దాలు, వాటి మీద భూతద్దం, తలకు ఎలాస్టిక్ టోపీ. అన్నింటి బరువూ మోయడానికి దేవుడిచ్చినవి రెండే చెవులు. మాస్కు సర్దితే టోపీ జారేది, టోపీ సర్దితే అద్దాలు మసకబారేవి. సెప్టెంబరులో ఒక వారం విసుగొచ్చి టోపీని సొరుగులో పడేశాను. చూసేదెవరు?

నా జుట్టు గురించి కూడా చెప్పాలి, సిగ్గుపడితే కథ నడవదు. మా చెల్లెలు ఏటా వస్తూ తెచ్చే గోరింటాకు పొడి తప్ప నాకు మరొకటి పడదు. ఆ ఏడు చెల్లెలూ రాలేదు, పొడీ రాలేదు. కుదుళ్ళ దగ్గర మూడు వేళ్ళ మేర తెలుపు, కింద ఎరుపు. అద్దంలో చూసుకుంటే రైల్వే గేటు కర్రలా ఉండేదాన్ని.

డాక్టర్ గారి లైటు

డాక్టర్ ప్రసాదరావు గారిది గుంటూరు వైపు. డెబ్బైల్లో జర్మనీ వచ్చి, ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత డైవింగ్ నేర్చుకున్నారు. "నలభై ఏళ్ళు పరాయివాళ్ళ ఊపిరి కాపలా కాశానమ్మా, ఇప్పుడు నా ఊపిరి నేను వింటున్నా" అనేవారు. కరోనా నాటికి డెబ్బై నాలుగేళ్ళు. తల నున్నగా అరచేయిలా ఉంటుంది. ఏడాదికొక లైటు ముంచేవారు. ఒక్కసారి కూడా తప్పు ఒప్పుకోలేదు.

"ఏమ్మా పద్మా, మీ లైటుకి దాహం ఎక్కువైపోయిందే!"

"సార్, రింగు కింద ఇసుకుంది చూడుండ్రి."

"ఆ ఇసుక మీ ఫ్యాక్టరీదే."

ఆ సెప్టెంబరులో ఆయన లైటుకు కొత్త రింగు వేసి నేనే మూశాను. బయటి పిన్నుల మీదనుంచే ఛార్జింగ్ ఎక్కే రకం, వాడేవాళ్ళు తెరవాల్సిన పని లేదు. మూసిన ప్రతి లైటుకూ మూతనూ డబ్బానూ కలిపి ఒక చుక్క ఎర్ర లక్క పెడతాను. ఎవరైనా తెరిస్తే చుక్క పగులుతుంది.

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం డాక్టర్ గారు, తోటి రిటైర్డు డాక్టరు హోర్స్ట్ కలిసి చెరువులో దిగారు. పైన ఎండే. పదహారు మీటర్ల కింద సిరాసీసా. లైటు ముందు ఎర్రబడి, వణికి, ఆరిపోయింది. రెండో లైటు ఇంట్లో వదిలారు. హోర్స్ట్ ముందు పోతున్నాడు, వెనక్కి తిరిగేసరికి ఈయన లేరు. కాసేపు వెతికి, పైకొచ్చి చూసినా ఎక్కడా కనబడలేదు. అంబులెన్సుకు ఫోన్ చేశాడు. తర్వాత డాక్టర్ గారి భార్య సుగుణ గారికి ఫోన్ చేసి, "ప్రసాద్ కింద ఉండిపోయాడు" అన్నాడు.

నిజానికి డాక్టర్ గారు చీకట్లో తన బుడగలను చేత్తో తడుముకుంటూ, వాటికంటే నెమ్మదిగా పైకొచ్చారు. దిక్కు తెలియక అవతలి ఒడ్డున రెల్లు పొదల వెనక తేలారు. బరువంతా మోసుకుని చెరువు చుట్టి వచ్చేసరికి ఫైరింజన్, అంబులెన్సు, దుప్పట్లో హోర్స్ట్. దాదాపు ఇరవై నిమిషాలు సుగుణ గారు తన భర్త పోయాడనే అనుకున్నారు. ఇంట్లో ఒంటరిగా, ఫోన్ పట్టుకుని.

అందరికీ నచ్చిన అబద్ధం

మంగళవారం ఆయన వచ్చారు. కస్టమర్లు లోపలికి రాకూడదు కాబట్టి కిటికీలో బల్ల వేసి ఉంచాం. లైటు దాని మీద పెట్టి, మాస్కు వెనకనుంచి మెల్లగా అన్నారు: "ఈసారి తప్పు నాదేనమ్మా. సరిగ్గా బిగించలేదేమో. నీ స్టాంపు కొట్టెయ్."

ఏటా నాతో పోట్లాడే మనిషి.

"మీరు ఎప్పుడన్న తెరిచిండ్రా సార్?"

"ఏమో, గుర్తు లేదు. సుగుణ అడిగితే నా అజాగ్రత్తేనన్నాను. ఇక నీళ్ళ జోలికి పోనని మాటిచ్చాను. వయసైపోయింది, చేతులు చెప్పిన మాట వినట్లా."

ఆయన వెళ్ళాక లైటును చూశాను. ఎర్ర చుక్క చెక్కుచెదరలేదు. పెరట్లోకి తీసుకుపోయి, గోడవైపు తిప్పి, మెల్లగా తెరిచాను. మురికి నీళ్ళు, కుళ్ళిన వాసన. భూతద్దం పెట్టి రింగు చూస్తే దాని కింద అడ్డంగా ఒక వెంట్రుక. జానెడు పొడవు. మూడు వేళ్ళు తెలుపు, మిగతాది ఎరుపు.

డాక్టర్ గారిది బట్టతల. ఫోక్ట్‌దీ అంతే. షెర్లాక్ అవసరం లేదు, అద్దం చాలు.

నేను పెరట్లో ఇసుక బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. ఆ మనిషి పదహారు మీటర్ల కింద చీకట్లో తడుముకున్నది నా వెంట్రుక వల్ల. పైగా తన చేతులు పాడయ్యాయని నమ్ముతున్నాడు.

ఫోక్ట్‌కు చూపించాను. భూతద్దం పెట్టుకుని చూశాడు.

"అతనే ఒప్పుకున్నాడుగా?" అన్నాడు.

"తెలియక ఒప్పుకున్నాడు."

"ఫైరింజన్ వచ్చింది, పద్మా. నీ తప్పని రాస్తే ఈ షాపు క్రిస్మస్ దాకా ఉండదు. స్టాంపు కొట్టు. కొత్త లైటు ఉచితంగా ఇద్దాం. నువ్వు బాగా నిద్రపో."

ఫోక్ట్‌ను దుర్మార్గుడని రాయడం తేలిక. కాడు. ఆ ఏడు తన జీతం మానేసి మా ముగ్గురికీ ఇచ్చినవాడు. భయపడ్డాడు, అంతే.

సాయంత్రం సుగుణ గారు ఫోన్ చేశారు. ఉగాది సభల్లో పరిచయం.

"పద్మా, ఆయన లైటు చూశావా? ఆయన తప్పేగా?"

నేను నీళ్ళు నమిలాను.

"ఏదైనా సరే, ఆయన తప్పేనని రాసివ్వు తల్లీ. పదేళ్ళుగా మొత్తుకుంటున్నాను, ఇన్నాళ్ళకు మానేస్తానన్నారు. ఆ కాగితం ఫ్రేము కట్టించుకుంటాను."

యజమానికి అబద్ధం కావాలి, కస్టమరు దాన్ని నమ్మాడు, కస్టమరు భార్య ఫ్రేము కట్టిస్తానంటోంది. నాకైతే చెప్పక్కర్లేదు. ఇంతమందికి ఇంత మేలు చేసే అబద్ధం నా ఉద్యోగంలో మరొకటి రాలేదు. నేను స్టాంపు తీసి సిరాలో అద్దాను కూడా. దాచడం ఎందుకు?

మిగతా పది

కార్డు మీద తేదీ చూశాకే చెయ్యి ఆగింది. అది టోపీ లేని వారం. ఆ వారంలో నేను మూసిన లైట్లు మొత్తం పదకొండు. డాక్టర్ గారి తప్పయితే మిగతా పదీ మంచివే. నా తప్పయితే ఆ పదీ ఎక్కడున్నాయి?

మీరు నన్నొక సత్యవంతురాలిగా ఊహించుకోకముందే చెబుతున్నాను. ఆ పది లేకపోతే నేను స్టాంపు కొట్టేసి ఇంటికి పోయి అన్నం తినేదాన్ని.

జాబితా పట్టుకుని ఫోక్ట్ దగ్గరికి పోయాను. "నువ్వు చేస్తావా, నన్ను చేయమంటావా ఫోన్లు?" అన్నాను. గాడిదన్నాడు. ముసలి గాడిదన్నాడు. ఇంకేదో అన్నాడు, నా జర్మన్ అంతదాకా పోదు. నేను ఫోన్ తీసుకుని మొదటి నంబరు తిప్పాను. మూడో ఫోన్ అయ్యేసరికి జాబితా నా చేతిలోంచి లాక్కుని, కారు తాళాలు తీసుకున్నాడు.

"పోస్టులో పంపితే వారం పడుతుంది. ఈ వారాంతంలో ఎవడో ఒకడు దిగుతాడు" అని గొణుక్కుంటూ వెళ్ళాడు. రెండు రోజులు తిరిగాడు. ప్రతి ఇంటి గుమ్మం దగ్గర మాస్కు పెట్టుకుని, మా పొరపాటు అని చెప్పి, లైటు తెచ్చాడు.

పదీ తెరిచాను. తొమ్మిదింటిలో ఏమీ లేదు. పదోదాంట్లో ఉంది. చిన్న ముక్క, ఎరుపు మాత్రమే. ఆ లైటు ఒక స్కూలు టీచరుది. ఆ శనివారం తన పద్నాలుగేళ్ళ కూతురిని మొదటిసారి లైటుతో చెరువులో దించబోతోందట. ఫోక్ట్ ఆ వెంట్రుకను చూశాడు. బయటికి పోయి, ఎప్పుడో మానేసిన సిగరెట్టు ఒకటి ఎవరినో అడిగి కాల్చి వచ్చాడు.

షాపు క్రిస్మస్ దాటింది, ఇప్పటికీ ఉంది. కేసులేవీ రాలేదు. ఇద్దరు మాత్రం ఇక మా దగ్గరికి రామన్నారు, అది వాళ్ళ హక్కు. ఇప్పుడక్కడ పెద్ద టోపీ, తల వెనక కట్టుకునే మాస్కు, మూసే ముందు రెండో మనిషి చూసి సంతకం చేయడం తప్పనిసరి. ఇవన్నీ నా జుట్టు పుణ్యం. కొత్తగా చేరేవాళ్ళు విసుక్కుంటారట. విసుక్కోండి, కానీ పెట్టుకోండి.

చెప్పాక

డాక్టర్ గారికి ఫోన్‌లో చెప్పడం మర్యాద కాదనిపించి ఇంటికి వెళ్ళాను. గుమ్మం ఇవతల నేను, అవతల ఆయన, వెనక సుగుణ గారు. వెంట్రుకను చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చాను.

"సార్, మీ చేతుల తప్పేం లేదు. నాదే. టోపీ పెట్టుకోలే. తిట్టుండ్రి, పడ్త."

ఆయన సంచి వెలుతురుకెత్తి చూశారు. నా తల వైపు చూశారు. తిట్టలేదు. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళు విప్పి, ముడిచి, మళ్ళీ విప్పి చూసుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ రోజు నుంచి టీ కప్పు పట్టుకోవాలన్నా అనుమానంగా ఉందమ్మా. నలభై ఏళ్ళు మనుషుల ప్రాణం పట్టుకున్న చేతులు" అన్నారు.

నేను క్షమాపణ చెప్పుకున్నాను. తీసుకున్నారు. సుగుణ గారు మాత్రం, "చెప్పకపోతే ఏం పోయేది?" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆమె గడిపిన ఆ ఇరవై నిమిషాలకు నా నిజాయితీ ఏ మూలకూ సరిపోదు. ఆ చలికాలమంతా ఆమె నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే ఎత్తేవారు కాదు.

తర్వాతి ఏడు ఎండాకాలం, టీకాలు పడ్డాక, కిటికీ బల్ల తీసేసి కస్టమర్లను లోపలికి రానిస్తున్న మొదటి వారం. డాక్టర్ గారు వచ్చారు. వెనకే సుగుణ గారు, చేతిసంచి పొట్టకు అదుముకుని. నా ముఖం వైపు చూడకుండా షెల్ఫులోని లైట్లన్నీ ఒక్కొక్కటే చూశారు. చివరికి నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"ఎంత చెప్పినా వినట్లేదు. మళ్ళీ దిగుతారట" అన్నారు. "నీళ్ళు పోని లైటు ఒకటివ్వు."

డాక్టర్ గారు నేల చూపులు చూస్తున్నారు. నేను ఈ ఉద్యోగంలో అబద్ధం చెప్పదగ్గ సందర్భం ఇంకోటి వచ్చిందనుకున్నాను.

"అసొంటి లైటు లేదమ్మా. ఎంత మంచిదైనా ఎప్పుడో ఒకనాడు నీళ్ళు తాగుతది. అందుకే ఎవరైనా రెండు పట్టుకపోవాలె."

సుగుణ గారు చేతిసంచి తెరిచారు.

"అయితే మూడివ్వు" అన్నారు.